తొట్టిలో నీటి వడి: ఏ చేపకు ఎంత?

తొలకరికి చెరువు అలుగు పారినప్పుడు, కాలువకు కొత్తనీరు వచ్చినప్పుడు చేపలు ఎదురెక్కడం మన పల్లెల్లో చూడనివాళ్ళు తక్కువ. అంత వడికి ఎదురీదడం ఒక్క బలంతో అయ్యే పని కాదు. చేప కాసేపు ఈది, ఏ రాయి చాటుకో గట్టు ఒంపులోకో చేరుతుంది. అక్కడ నీరు దాదాపు నిలిచి ఉంటుంది. అలుపు తీర్చుకుని మళ్ళీ ఎదురెక్కుతుంది. ఎంత వడిలో ఉండాలో, ఎంతసేపు ఉండాలో అదే చూసుకుంటుంది.

మన హాల్లో పెట్టిన రెండడుగుల గాజు ట్యాంకులో చేపకు ఆ వీలు లేదు. మోటారు స్విచ్ మన చేతిలో ఉంది. నీరు ఎటు పారాలో, ఎంత వడిగా పారాలో మనమే తేల్చి, దాన్ని రోజంతా, రాత్రంతా ఆ చేప మీద పెడుతున్నాం. చేపకు ఎంపిక మళ్ళీ ఎలా ఇవ్వాలన్నదే ఈ అధ్యాయం.

కొత్తగా అక్వేరియం పెట్టేవాళ్ళు మేత గురించి అడుగుతారు, లైటు గురించి అడుగుతారు, నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి మార్చాలని అడుగుతారు. నీరు ఎంత వడిగా కదలాలని అడిగేవాళ్ళు అరుదు. షాపులో కూడా ట్యాంకు కొలత చూసి ఒక ఫిల్టర్ తీసి ఇస్తారు. ఫైటర్‌కు అదే, గోల్డ్‌ఫిష్‌కు అదే, బార్బ్‌లకూ అదే. తర్వాత ఫైటర్ తోక చిరిగిందనో, గోల్డ్‌ఫిష్ ఓ మూలన నక్కి ఉంటోందనో మందులు కొంటారు. చాలాసార్లు ఆ చేపకు కావలసింది మందు కాదు, కాస్త నిలకడ నీరు.

శుభ్రత వేరు, వడి వేరు

ఫిల్టర్ మోటారు ఒకేసారి మూడు పనులు చేస్తుంది. నీటిని స్పాంజి గుండా లాగి మలినాన్ని పట్టుకుంటుంది. నీటి పైభాగాన్ని కదిలించి గాలిలోని ఆక్సిజన్ లోపలికి చేరేలా చేస్తుంది. ట్యాంకులో నీటిని ఒక దిక్కుకు తోస్తుంది. ఈ మూడూ ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

మొదటిది ఎంత బాగా జరిగితే అంత మంచిది. చేప వదిలే అమ్మోనియా విషం. ఫిల్టర్ స్పాంజిలో, సిరామిక్ రింగుల్లో స్థిరపడే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైటూ ప్రమాదమే. నైట్రేట్ వాటితో పోలిస్తే మెత్తనిది, వారం వారం కొంత నీరు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియాకు ఆగకుండా నీరు అందాలి, ఆ నీటిలో ఆక్సిజన్ ఉండాలి. అంటే ఫిల్టర్ గుండా పారే నీరు తగ్గకూడదు. మూడో పని, అంటే ట్యాంకులో నీటిని తోయడం, చేపను బట్టి తగ్గాలి లేదా పెరగాలి. వడి ఎక్కువైందని ఫిల్టర్‌నే ఆపేసేవాళ్ళు ఒక ఇబ్బంది తీసేసి విషాన్ని పెంచుతున్నారు. ఫిల్టర్ నడవనివ్వండి, నీరు బయటికి వచ్చే తీరు మార్చండి. ఈ అధ్యాయంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ మాట గుర్తుంచుకోండి.

ఆక్సిజన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాలి పంపు వదిలే బుడగల్లోంచి ఆక్సిజన్ నేరుగా కరిగిపోతుందని చాలామంది నమ్మకం. అలా కరిగేది కొద్దిగానే. బుడగలు పైకి వెళ్తూ అడుగు నీటిని తమ వెంట లేపుతాయి, పైన పగిలి నీటి పొరను కదిలిస్తాయి. అసలు మార్పిడి అక్కడ, నీరూ గాలీ కలిసే చోట జరుగుతుంది. అందుకే బుడగలు లేని ట్యాంకులో కూడా, ఫిల్టర్ నీరు పైపొరను అలలుగా కదిలిస్తుంటే చేపలు హాయిగా ఉంటాయి. పైపొర కదలకపోతే నూనె తెట్టులాంటి పలుచని పొర కడుతుంది. ట్యాంకును కిందనుంచి పైకి చూస్తే అది స్పష్టంగా కనిపిస్తుంది. అది కనిపించిందంటే పైన కదలిక చాలడం లేదన్నమాటే.

లీటర్ల లెక్క, సెంటీమీటర్ల లెక్క

ఫిల్టర్ డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె మోటారు ఖాళీగా, స్పాంజి లేకుండా, నీటిని పైకి ఎత్తాల్సిన పని లేకుండా నడిచినప్పటిది. స్పాంజి, పైపు, ఎత్తు అన్నీ కలిస్తే అంత రాదు, స్పాంజిలో మురికి పట్టాక ఇంకా తగ్గుతుంది. అసలు ఎంత వస్తోందో తెలుసుకోవడం తేలికే. ఫిల్టర్ నీరు పడే చోట లీటరు మగ్గు పట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3,600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 12 సెకన్లకు నిండితే గంటకు 300 లీటర్లు. నీటిలో మునిగి ఉండే ఇంటర్నల్ ఫిల్టర్‌కైతే మూతికి కాస్త పైపు తొడిగి, నీటి మట్టం మీదుగా బయటికి తెచ్చి కొలవాలి.

తర్వాత ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో చూడాలి. ఒక ఘనపు అడుగుకు 28 లీటర్ల పైచిలుకు పడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకుకు లెక్క ప్రకారం 56 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 లీటర్లు ఉంటాయనుకోవచ్చు. గంటకు 300 లీటర్లు పారితే ఆ నీరు గంటలో ఆరేడుసార్లు ఫిల్టర్ గుండా తిరిగినట్టు. రకరకాల చిన్న చేపలు కలిపి పెంచే మామూలు ట్యాంకుకు గంటకు 4 నుంచి 6 సార్లు చాలు. ఫైటర్‌కు, పెద్ద తోకల గప్పీకి 3, 4 సార్లు, అదీ మెత్తగా. వాగు చేపలకు 8 నుంచి 10. కొండవాగుల్లో రాళ్ళను కరుచుకుని బతికే వాటికి 15కు పైనే. ఇవి పెంపకందారుల అనుభవంలో కుదిరిన అంకెలు. మీ ట్యాంకు ఆకారాన్ని బట్టి, చేపల సంఖ్యను బట్టి కాస్త అటూఇటూ అవుతాయి.

అయితే చేపకు తగిలేది లీటర్లు కాదు, వేగం. అదే 300 లీటర్లు సెకనుకు 83 మిల్లీలీటర్లు. అది 12 మిల్లీమీటర్ల మూతి నుంచి వస్తే సెకనుకు 74 సెంటీమీటర్ల వేగంతో దూసుకొస్తుంది. ఆ మూతికి ఎదురుగా ఐదు సెంటీమీటర్ల చేప నిలబడాలంటే సెకనుకు తన ఒంటి పొడవుకు పదిహేను రెట్ల దూరం ఈదుతూ ఉండాలి. అదే నీరు నాలుగేసి మిల్లీమీటర్ల రంధ్రాలు ఇరవై ఉన్న స్ప్రే బార్ నుంచి వస్తే వేగం 33 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఆ సన్నటి ధారలు నాలుగు వేళ్ళ దూరం వెళ్ళేలోపే చెదిరిపోతాయి. శుభ్రత రెండింటిలోనూ ఒకటే. కనుక వడి తగ్గించాలంటే ముందు మూతిని వెడల్పు చేయండి. మూతి వ్యాసం రెట్టింపైతే వేగం నాలుగో వంతు అవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి: వడి తగ్గించడానికి నీరు లోపలికి పోయే వైపు ఎప్పుడూ బిగించకండి. మోటారుకు నీరు చాలక గాలి లాగుతుంది, గరగరలాడుతుంది, త్వరగా చెడుతుంది. బిగించాలంటే బయటికి వచ్చే వైపే. గాలి పంపుకు ఇది వర్తించదు. దాని గొట్టాన్ని నొక్కేస్తే లోపలి రబ్బరు పొర మీద ఒత్తిడి పడుతుంది. రెండు దారుల వాల్వ్ పెట్టి, ఎక్కువైన గాలిని బయటికి వదిలేయండి.

ఒంటి తీరు చూస్తే ఊరు తెలుస్తుంది

కొత్త చేప కొనేటప్పుడు దాని సొంత నది ఏదో తెలియకపోయినా, ఒంటి తీరు చాలావరకు చెబుతుంది. సన్నగా, పొడుగ్గా, రెండు చివర్లా కొసదేరిన ఒళ్ళు, చీలిన తోక ఉన్నది పారే నీటి చేప. జీబ్రా డానియో, మిస్ కేరళ ఈ కోవలోవి. ఎత్తుగా, పక్కలకు పలుచగా ఉన్నది నిలకడ నీటిలో, తూడుల మధ్య, వేళ్ళ మధ్య సందుల్లో తిరిగేది. ఏంజెల్, డిస్కస్ అలాంటివి. పొట్ట చదునుగా, నోరు కిందికి ఉండి, రెక్కలు పక్కలకు పరచుకుని ఉంటే అది రాయిని అంటిపెట్టుకునే రకం. మనిషి తన ముచ్చట కోసం పెంచుకున్న పొడవు తోకలు, ఉబ్బిన పొట్టలు ఏ నదికీ చెందినవి కావు. వాటికి మెత్తటి నీరే కావాలి.

చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. పార్శ్వరేఖ అంటారు. నీటి కదలికను, ఒత్తిడిని చేప దానితో పసిగడుతుంది. మనకు కనిపించనంత చిన్న ఒరవడి కూడా దానికి తెలుస్తుంది. చేపను వడిలో పెట్టడమంటే దానికి ఎడతెగని స్పర్శను ఇవ్వడమే. కొన్నింటికి అది ఆనందం, కొన్నింటికి బాధ.

ఫైటర్, గౌరామీలు

మన ఇళ్ళలో వడి వల్ల ఎక్కువగా నలిగేది ఫైటరే. థాయ్‌లాండ్ వరిమళ్ళు, లోతు లేని గుంటలు, నీరు నిలిచిన కాలువలు దాని పుట్టిల్లు. అక్కడ నీటిలో ఆక్సిజన్ తక్కువ. అందుకే దానికి మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే అవయవం ఉంది. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. మన కొర్రమీను కూడా గాలి పీలుస్తుందని తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తడి గోనెలో గంటల తరబడి బతికి ఉండే ఆ చేపను సంతలో చూసే పెరిగాం.

సహజంగా దొరికే ఫైటర్‌కు తోక పొట్టిగానే ఉంటుంది. షాపుల్లో కనిపించే నిండు తోక, నేలకు జారే రెక్కలు తరాల తరబడి మనిషి ఎంచుకుని పెంచినవి. ఆ బరువుతో వడికి ఎదురీదడమంటే గాలివానలో విప్పిన గొడుగు పట్టుకుని నడవడమే. పైకి గాలికి వెళ్ళిన ప్రతిసారీ ధార దాన్ని పక్కకు నెడితే, రోజంతా ఆ పోరాటంలోనే గడుస్తుంది. అది అలిసి ఆకు మీదో హీటర్ వెనకో ఒదిగి ఉంటే సోమరితనమని, రోగమని అనుకుంటాం. కొన్ని ఫైటర్లు తమ తోకను తామే కొరుక్కుంటాయి. దానికి ఇతర కారణాలున్నా, మొదట చూడాల్సింది నీటి వడినే.

మరి గాలి పీల్చే చేపకు ఫిల్టరే అక్కర్లేదా? చిన్న గాజు గిన్నెల్లో ఫైటర్‌ను పెట్టి అమ్మేవాళ్ళు చెప్పే మాట ఇదే. నేను దీన్ని ఒప్పుకోను. గాలి పీల్చినంత మాత్రాన అమ్మోనియా దాన్ని వదిలిపెట్టదు. కనీసం 15, 20 లీటర్ల నీరు, దానిలో గాలి పంపుతో నడిచే ఒక చిన్న స్పాంజి ఫిల్టర్, బుడగలు నెమ్మదిగా వచ్చేలా వాల్వ్ తిప్పి ఉంచడం, ఇదే సరైన ఏర్పాటు. వెనక తగిలించే ఫిల్టర్ ఇప్పటికే ఉంటే, నీరు పడే చోట ఒక స్పాంజి ముక్క కట్టండి, లేదా ప్లాస్టిక్ బాటిల్‌ను కోసి పెదవిలా అమర్చండి. నీరు దాన్ని తాకి రెండు పక్కలకు పరచుకుంటుంది. నీటి పైన అంతరతామర లాంటి తేలే మొక్కలు కొన్ని వేస్తే పైపొర ఇంకా శాంతిస్తుంది. మగ ఫైటర్ ఆ ఆకుల కింద బుడగల గూడు కట్టడం మొదలుపెట్టిందంటే, ఆ మూల నీరు దానికి సరిపడినంత నిలకడగా ఉన్నట్టే.

డ్వార్ఫ్ గౌరామీ, హనీ గౌరామీ కూడా ఈ ఇంటివే. గంగ, బ్రహ్మపుత్రల చుట్టుపక్కల దట్టంగా మొక్కలు పెరిగే నిలకడ నీళ్ళు వాటికి అలవాటు. వాటినీ ఫైటర్‌లాగే చూసుకోవాలి.

గోల్డ్‌ఫిష్: ఫిల్టర్ పెద్దది, వడి చిన్నది

గోల్డ్‌ఫిష్ దగ్గర శుభ్రతకూ వడికీ మధ్య తేడా అందరికీ అర్థమయ్యేలా కనిపిస్తుంది. ఎక్కువ తింటుంది, ఎక్కువ మలినం వదులుతుంది. దానికి అదే సైజు ఇతర చేపలకంటే బలమైన ఫిల్టర్ కావాలి. కానీ మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఒరాండా, ర్యూకిన్ రకాలకు గుండ్రటి పొట్ట, జంట తోక. ఈదడంలో బలహీనం. వడిలో పెడితే మేత దాకా కూడా చేరలేవు. పొడుగాటి ఒంటి కామెట్ గోల్డ్‌ఫిష్ మాత్రం వడిని బాగా తట్టుకుంటుంది. ఈ రెంటినీ కలిపి పెంచితే మేతంతా కామెట్‌దే.

ఒరాండాలకు ట్యాంకు పైన పెట్టే టాప్ ఫిల్టర్ మంచిది. నీరు వెడల్పుగా పరచుకుని కింద పడుతుంది, పైపొర కదులుతుంది, లోపల తోపు ఉండదు. ట్యాంకు బయట డబ్బాలా ఉండే కానిస్టర్ ఫిల్టర్ పెట్టేవాళ్ళు స్ప్రే బార్ రంధ్రాలను వెనక గాజు వైపు తిప్పండి. ధార గాజుకు కొట్టుకుని విరిగిపోతుంది. మేత వేసే పది నిమిషాలు మోటారు ఆపడం మంచి అలవాటే. తిరిగి వేయడం మరిచిపోతామనుకునేవాళ్ళు దాని జోలికి పోకండి.

డిస్కస్, ఏంజెల్

డిస్కస్ పెంపకంలో చిక్కుముడి ఉంది. దానికి 28 నుంచి 30 డిగ్రీల వెచ్చటి నీరు కావాలి. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టేది, 30 దగ్గర ఏడున్నరకు దిగుతుంది. కాబట్టి పైపొర బాగా కదలాలి. మరోపక్క ఆ చేప అమెజాన్ వరద మైదానాల్లో, మునిగిన చెట్ల కొమ్మల మధ్య మందకొడి నీటిలో బతికేది. పళ్ళెంలా వెడల్పైన ఒళ్ళు వడికి అడ్డంగా నిలిస్తే తోపంతా దాని మీదే పడుతుంది. ఈ రెంటినీ కుదర్చాలంటే స్ప్రే బార్‌ను నీటి మట్టానికి సరిగ్గా కింద, కాస్త పైకి తిప్పి పెట్టాలి. పైన అంగుళం మేర నీరు చురుగ్గా కదులుతుంది, కింద నడి నీరు నెమ్మదిగా ఉంటుంది. లేదా రెండు మూలల్లో రెండు పెద్ద స్పాంజి ఫిల్టర్లు. డిస్కస్ పిల్లలను తీసేవాళ్ళలో చాలామంది స్పాంజినే వాడతారు. అది పిల్లలను లోపలికి లాక్కుపోయే భయం ఉండదు.

ఏంజెల్‌కు ఇంత పట్టింపు లేదు. నిలువుగా పెరిగే వాలిస్‌నేరియా మొక్కలు గుబురుగా ఉంటే, వడి కాస్త ఎక్కువైనా వాటి చాటున సర్దుకుంటుంది.

వడి కావలసినవి

వడి తక్కువై బాధపడే చేపలు కూడా ఉన్నాయి. వాటి బాధ త్వరగా బయటపడదు. మిస్ కేరళ వాటిలో మొదటిది. వెండి ఒంటి మీద నల్లచార, దాని పైన ఎర్రగీత. పశ్చిమ కనుమల నుంచి పడమరకు పారే చాలియార్, వలపట్టణం లాంటి నదుల రాతి మడుగుల్లో గుంపులుగా తిరుగుతుంది. ఫ్రాన్సిస్ డే 1865లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అక్వేరియం వ్యాపారం కోసం విచ్చలవిడిగా పట్టడం వల్ల కూడా ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న చేపల జాబితాకు చేరింది. కొంటే హేచరీలో పుట్టినవాటినే అడిగి కొనండి. పదిహేను సెంటీమీటర్ల దాకా పెరిగే చేప ఇది, ఒంటరిగా ఉండలేదు. నాలుగడుగుల ట్యాంకు, ఆరు చేపలైనా ఉన్న గుంపు, ట్యాంకు పొడవునా ఒకే దిక్కుకు పారే నీరు, ఇవి లేకపోతే కొనకపోవడమే దాని మీద చూపే దయ.

జీబ్రా డానియో ఎక్కడైనా సర్దుకుంటుంది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల మీద అచ్చువేసిన ఒకే పుస్తకంలో జీబ్రా డానియో, డ్వార్ఫ్ గౌరామీ రెండూ ఉన్నాయి. ఒకే నదీ ప్రాంతపు చేపలు. అయినా ట్యాంకులో ఒకటి ఫిల్టర్ ధారకు ఎదురెళ్ళి ఆడుకుంటే, ఇంకొకటి దూరంగా మొక్కల చాటు వెతుక్కుంటుంది. నది ఒకటే కావచ్చు, నదిలో అవి ఉండే చోటు వేరు. డానియోలకు వరిమళ్ళ నిలకడ నీరూ అలవాటే కాబట్టి వడి లేకపోయినా బతుకుతాయి. ఉంటే మాత్రం వాటి హుషారు చూడముచ్చటగా ఉంటుంది.

కొండవాగు లోచ్‌ల గురించి నా మాట కటువుగానే ఉంటుంది. వాటికి గట్టి వడితో పాటు చల్లటి నీరు కావాలి, 24 డిగ్రీలు దాటకపోతే మేలు. విజయవాడలో, రామగుండంలో మే నెలలో చిల్లర్ లేకుండా ఆ నీరు సాధ్యం కాదు. చిల్లర్ కొనలేనివాళ్ళు వీటిని కోరుకోవద్దు.

గాజుకు పట్టిన నాచు తింటుందని అమ్మే సక్కర్ ఫిష్ వడిని బాగానే తట్టుకుంటుంది. అయితే అడుగు దాటి పెరుగుతుంది. పెద్దదయ్యాక చెరువులో వదలడం వల్ల కూడా తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో అది దేశీ చేపలకు పోటీగా తయారైంది. దయచేసి వదలకండి.

ఒకే ట్యాంకులో రెండు రకాల నీరు

మూడడుగుల ట్యాంకు ఉందనుకోండి. ఫిల్టర్ మూతిని ఎడమ చివర, పైన పెట్టి, ట్యాంకు పొడవు వెంట కుడివైపు చూసేలా తిప్పండి. నీరు లోపలికి పోయే గొట్టం కూడా అదే ఎడమ చివర, కింద. నీరు పైన కుడికి పోయి, గాజుకు తగిలి కిందికి దిగి, అడుగున ఎడమకు తిరిగి వస్తుంది. ఒక నిండు చుట్టు పూర్తవుతుంది. మలినం తనంతట తానే గొట్టం దగ్గరకు చేరుతుంది. ఇప్పుడు కుడి చివర మూడో వంతులో ఒక పెద్ద చెక్క దుంగను, దాని వెనక జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలను పెట్టండి. దుంగకు అవతల నీరు నెమ్మదిస్తుంది. డానియోలు, బార్బ్‌లు ఎడమవైపు ఆడతాయి. నియాన్ టెట్రాలు, గౌరామీలు కుడివైపు కుదురుకుంటాయి. చేపకు మీరు తిరిగి ఇచ్చిన ఎంపిక ఇదే.

దుంగ మరీ పెద్దదై దాని వెనక నీరు పూర్తిగా నిలిచిపోకుండా చూసుకోవాలి. మేత నలకలు కొన్ని వేసి గమనిస్తే తెలుస్తుంది. నెమ్మదిగానైనా కదులుతూ ఉంటే మంచిదే. రోజూ ఒకే చోట మలినం కుప్పపడుతుంటే, అక్కడ నల్లగానో నీలిపచ్చగానో జిగట పడుతుంటే, ఆ మూలకు కాస్త నీరు అందేలా మూతిని కొంచెం తిప్పండి. దీనికోసం ఇంకో మోటారు కొననక్కర్లేదు. పిల్లలు, రొయ్యలు ఉన్న ట్యాంకులో లోపలికి లాగే గొట్టానికి స్పాంజి తొడుగు తప్పనిసరి.

వడిని ఒక్కసారిగా పెంచకండి. మన షాపులకు చేపలు చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి వస్తాయి. అక్కడ చాలావరకు సిమెంటు తొట్లలో, నిలకడ నీటిలో పెరిగినవే. వాగు జాతి చేపైనా దాని కండకు వాగు అలవాటు ఉండదు. వాల్వ్ సగం తెరిచి మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పూర్తిగా తెరవండి.

ఎండాకాలం, కరెంటు కోత

ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో ట్యాంకు నీరు 32 డిగ్రీలు దాటడం మామూలే. ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అప్పుడు పైపొర కదలిక పెంచాలి. నీటి మట్టం రెండు అంగుళాలు తగ్గిస్తే ఫిల్టర్ నీరు పైనుంచి పడుతుంది, కదలిక పెరుగుతుంది. మూత తీసి, జాలీ కప్పి, చిన్న ఫ్యాను గాలి నీటి మీదికి తిప్పితే వేడి కూడా రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఫైటర్ ట్యాంకులో మాత్రం ఇంత హడావుడి వద్దు, ఫ్యాను చాలు.

మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంకులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. చేపలు నోరు పైకి పెట్టి గాలి కోసం తడుముకుంటున్నాయేమో లైటు వేయకముందే ఒకసారి చూడండి. గాలి పీల్చని చేపలన్నీ ఒకేసారి పైకి వచ్చి ఉంటే ఆలస్యం చేయకండి, వెంటనే గాలి పంపు వేయండి.

కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. ఖరీదు తక్కువ, ప్రాణాలు నిలబెడుతుంది. అది లేకపోతే మగ్గుతో నీరు ముంచి కొంత ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, ఆ పూట మేత వేయకండి. గాలి పంపు నీటి మట్టంకంటే కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చి నేలంతా పారుతుంది. పంపును పైన పెట్టండి, లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి. కానిస్టర్ ఫిల్టర్ చాలా గంటలు ఆగిపోతే లోపలి బ్యాక్టీరియా ఆక్సిజన్ లేక చచ్చి నీరు చెడుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేసేయకుండా, ముందు ఆ డబ్బాలో నీరు పారబోసి, ట్యాంకు నీటితోనే స్పాంజిని కడిగి, అప్పుడు వేయండి. కొళాయి నీటితో కడిగితే, దానిలో క్లోరిన్ ఉంటే మిగిలిన బ్యాక్టీరియా కూడా పోతుంది.

చేప చెప్పేది వినడం

లెక్కలన్నీ వేశాక చివరి తీర్పు చేపదే. రెక్కలు ఒంటికి అదిమి పెట్టుకుని ఉంటే, ఎప్పుడు చూసినా ఒకే అడ్డు వెనక ఉంటే, మేత కళ్ళ ముందు నుంచి కొట్టుకుపోతున్నా అందుకోలేకపోతే వడి ఎక్కువ. ధారలోకి వెళ్ళి, ఆడి, తిరిగి నిలకడ నీటికి వస్తుంటే సరిపోయినట్టే. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయండి, వారం చూడండి. మూతి తిప్పడం, స్పాంజి కట్టడం, మొక్కలు మార్చడం అన్నీ ఒకే రోజు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. చేప కూడా బెదురుతుంది.

ఫైటర్‌నూ మిస్ కేరళనూ ఒకే ట్యాంకులో పెట్టి రెంటికీ సరిపడే వడి కోసం మాత్రం వెతకొద్దు. అలాంటి వడి లేదు. రెండో ట్యాంకు పెట్టే వీలుంటే పెట్టండి, లేదంటే రెంటిలో ఒక చేపను వదులుకోండి.